షట్టరు చప్పుడు చేయలేదు... ఫోటో చారలు కట్టింది!

రాత్రి పదకొండు దాటింది. చీపురుపల్లిలో కనకమహాలక్ష్మి అమ్మవారి జాతర. ఇసక వేస్తే రాలనంత జనం! ఒకవైపు రంగులరాట్నం, ఒకవైపు జీళ్ల దుకాణాలు, చెట్టుకీ గుట్టకీ సీరియల్ బల్బులు, మైకుల్లో సినిమా పాటలు... వాటన్నిటినీ మించి వినిపిస్తున్న మోత ఒకటుంది. తప్పెటగుళ్లు!

ఉత్తరాంధ్ర వాళ్లకు చెప్పనక్కరలేదు. మిగతా పాఠకుల కోసం చెబుతాను. గుండెలమీద గుండ్రటి రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, నడుముకు మువ్వలు. పదిహేను, ఇరవైమంది వలయంగా నిలబడి, తప్పెట వాయిస్తూ, పాడుతూ, ఒక్క వూపున గాలిలోకి లేస్తారు. పశువుల కాపరుల నుంచి వచ్చిన కళ. ఇందులో డూపుల్లేవు, రీటేకుల్లేవు. మన డాన్స్ మాస్టర్లు ఒక్కసారి వచ్చి చూస్తే ఆ రాత్రి నిద్రపోరు!

ఆ దళానికి పెద్ద ఒక తాత. తెల్ల మీసాలు, అరవై దాటిన వయసు. పైకి ఎగిరాడంటే పాతికేళ్ల కుర్రాడు! నా చేతిలో అరువు తెచ్చుకున్న కొత్త మిర్రర్‌లెస్ కెమెరా వుంది. ఎగిరిన మనిషి గాలిలోనే ఆగిపోవాలి కదా! అందుకని షట్టరు వేగం 1/1000 పెట్టాను. సెకనులో వెయ్యో వంతు అన్నమాట. వరసగా రెండువందల ఫోటోలు తీశాను. కవరు పేజీ ఖాయం అనుకున్నాను.

ఆట ఆగాక తాత తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏదీ, ఓపాలి సూపించండి బావూ!"

చూపించాను. తాత కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. తెర పెద్దది చేసి నేనూ చూశాను. తాత గాలిలోనే వున్నాడు, మీసాలు కూడా స్పష్టంగా వున్నాయి. కానీ ఫోటో నిండా అడ్డంగా నల్లటి పట్టీలు! ఒకటి నుదుటిమీద, ఒకటి తప్పెటమీద, ఇంకొకటి మోకాళ్ల దగ్గర...

"ఏటి బావూ ఇది? నా ముకమ్మీద పులి చారలెట్టీసినారేటి?"

చుట్టూ వున్నవాళ్లందరూ ఘొల్లున నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే తాత ఆ తరవాత అన్న మాట వేరు.

"మా సిన్నోడు సెన్నైలో బిల్డింగు పన్లో వున్నాడు. ఈ యేడు జాతరకి రాలేకపోనాడు. ఆడి సెల్లుకి పంపుదారనుకున్నాను. మోకాళ్లు పోతన్నాయి బావూ. వొచ్చే యేడు ఎగురుతానో లేదో అమ్మోరికే ఎరిక!"

రెండువందల ఫోటోల్లో ఒక్కటీ పనికి రాలేదు. కెమెరా కొత్తది, లెన్సు ఖరీదైనది, చేయి వణకలేదు. మరి తప్పు ఎక్కడుంది?

స్టూడియో బాబాయి పాఠం

మర్నాడు పొద్దున్నే వూళ్లో ఒక ఫోటో స్టూడియో మెట్లెక్కాను. యజమానికి యాభై దాటాయి. ఫిల్ము రీళ్లు కడిగిన చేయి, సన్‌గన్ లైటు పట్టుకుని పెళ్లి వీడియోలు తీసిన చేయి, ఇప్పుడు మిర్రర్‌లెస్ తిప్పుతున్న చేయి. ఫోటోలు చూసి ఆయన ఒక్కటే ప్రశ్న వేశాడు.

"ఏటండీ, సైలెంటు పెట్టీసేరా?"

అవును, పెట్టాను! వారం రోజుల కింద ఒక షూటింగు స్పాటుకు వెళ్లాను. టేక్ మధ్యలో నా కెమెరా 'టక్'మంటే డైరెక్టరుగారు నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపుకి జడిసి కెమెరాని సైలెంటులో పెట్టాను. అంటే ఎలక్ట్రానిక్ షట్టరు. దాన్ని మళ్లీ మార్చడం మరిచిపోయి జాతరకు వచ్చేశాను.

బాబాయి పగలబడి నవ్వాడు. "ఇరవై తప్పెట్లు మోగుతుంటే మీ షట్టరు సప్పుడు ఎవుడికి ఇనబడుద్దండీ?"

నిజమే మరి! ఏనుగుల గుంపులో చీమ అడుగులు వినిపిస్తాయని భయపడినవాణ్ణి నేను!

ఇంతకీ షట్టరు అంటే?

షట్టరు అంటే కెమెరాలో వెలుతురుకు తలుపు. పాత పద్ధతి మెకానికల్ షట్టరులో రెండు తెరలుంటాయి. మొదటి తెర జారి సెన్సారుకు వెలుతురు తగిలేలా తెరుస్తుంది. రెండో తెర దాని వెంటే వచ్చి మూస్తుంది. మంచి కెమెరాలలో ఈ తెర ఆ చివరనుంచి ఈ చివరకు రావడానికి సెకనులో సుమారు 250వ వంతు చాలు. మనకు వినిపించే 'టక్' దీనిదే. ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో అయితే లోపల అద్దం పైకి లేచే చప్పుడు కూడా దీనికి తోడయ్యేది. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన ఈ తరం మిర్రర్‌లెస్ కెమెరాలలో ఆ అద్దం లేదు. చప్పుడు సగం అక్కడే తగ్గింది.

మిగిలిన సగాన్ని ఎలక్ట్రానిక్ షట్టరు తగ్గించింది. ఇందులో తెరలే లేవు. సెన్సారులో వేల వరసలుంటాయి. ఒక్కొక్క వరసనే తెరిచి, వెలుతురు పట్టుకుని, చదివి, కిందికి దిగుతుంది కెమెరా. చప్పుడుండదు, అరుగుదల వుండదు, వేగం ఎంతంటే అంత. వినడానికి స్వర్గంలా వుంది కదూ! చిక్కు ఎక్కడంటే, మామూలు కెమెరాలలో పైవరస నుంచి కిందివరస దాకా చదవడానికి సెకనులో ఇరవయ్యో వంతు వరకూ పడుతుంది. మనం 1/1000 పెట్టినా సరే! 1/1000 అనేది ఒక్కొక్క వరస వెలుతురు చూసే కాలం. మొత్తం బొమ్మ పూర్తికావడానికి పట్టేది మాత్రం 1/20.

అందుకే కదిలే బస్సు ఏటవాలుగా వాలిపోతుంది, ఫ్యాను రెక్క అరటికాయలా వంగిపోతుంది. అదొక రోగం. చారలు రెండో రోగం. దానికి కారణం కెమెరా ఒక్కటే కాదు, కరెంటు కూడా!

సెకనుకు వంద రెప్పపాట్లు

మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 50 సైకిల్స్. అది సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ వూగుతుంది. అటు వూగినప్పుడొకసారి, ఇటు వూగినప్పుడొకసారి వెలుతురు పెరుగుతుంది. అంటే పాత చోకు ట్యూబులైటు, చవకరకం ఎల్.ఇ.డి. బల్బు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. మన కన్ను దాన్ని పట్టుకోలేదు. ఎలక్ట్రానిక్ షట్టరు పట్టుకుంటుంది!

బాబాయి దీన్ని ఎలా చెప్పాడో వినండి.

"పెళ్లి బంతిలో వడ్డన సూసేరు కదా! సాంబారు బకెట్టుతో ఒకడు ఈ సివర్నుంచి ఆ సివరికి పోతన్నాడు. ఆడు పోయేలోగా అయిదుసార్లు కరెంటు పోయి అయిదుసార్లు వొచ్చిందనుకోండి. దీపం వున్నప్పుడు వడ్డించిన ఇస్తరి నిండుగుంటాది. సీకట్లో వడ్డించిన ఇస్తరి కాళీ. బంతి మొత్తం సూస్తే ఏటవుద్ది? నిండు, కాళీ, నిండు, కాళీ... అదేనండి మీ పులి చార!"

లెక్క కూడా సరిగ్గా సరిపోయింది చూడండి. వరసలన్నీ చదవడానికి 1/20 సెకను. దీపం సెకనుకు వందసార్లు మిణుకుతుంది కాబట్టి ఆ కాసేపట్లో అయిదుసార్లు వెలిగి తగ్గుతుంది. తాత ఫోటోలో నల్లపట్టీలు లెక్కపెట్టాను. అయిదు!

మరి మందేమిటి? ఒక్కొక్క వరస వెలుతురు చూసే కాలం దీపపు మిణుకుతో సమానంగా వుండాలి. 1/100 పెడితే ప్రతి వరసకూ ఒక పూర్తి మిణుకు అందుతుంది. 1/50 పెడితే రెండు. అప్పుడు ప్రతి విస్తట్లోనూ సాంబారు సమానం! అయితే 1/100 దగ్గర ఎగిరే మనిషి కాళ్లూ చేతులూ కొంచెం చెదురుతాయి. అందుకే వేగం కావాలంటే మెకానికల్ షట్టరుకు మారాలి. దాని తెరలు 1/250లో దాటిపోతాయి. ఒక మిణుకులో సగం కూడా కాకముందే పని అయిపోతుంది. చారలు ఇన్ని రావు. కాకపోతే ఒక ఫోటో వెలుగ్గా, మరొకటి కాస్త నల్లగా రావచ్చు, ఒకే ఫోటోలో పైభాగం, కిందిభాగం తేడాగా వుండవచ్చు. దానికీ మందు వుంది. 2014లో వచ్చిన కెనన్ 7డి మార్క్ 2 కెమెరాలో దీపం మిణుకును కనిపెట్టి, అది బాగా వెలిగే క్షణానికే షట్టరును విడిచే ఏర్పాటు చేశారు. 'యాంటీ ఫ్లికర్' అనే ఆ ఏర్పాటు ఇప్పుడు చాలా కెమెరాలలో వుంది. మెనూలో వెతికి ఆన్ చేసుకోవడమే.

ఒకప్పుడు జాతరలలో పెట్రోమాక్స్ లైట్లుండేవి. గ్యాసు మంటకు సైకిల్స్ వుండవు కాబట్టి దానికి ఈ మిణుకు లేదు. బాబాయి మోసిన సన్‌గన్‌లో హేలోజన్ తీగ ఎర్రగా కాలుతుంది, మిణుకు మధ్యలో చల్లారే తీరిక దానికి లేదు. కళ్లు బైర్లు కమ్మినా, పెళ్లికూతురికి చెమటలు పట్టినా చారలు మాత్రం రాలేదు. ఎల్.ఇ.డి. చల్లగా వుంటుంది, కరెంటు ఆదా చేస్తుంది. కానీ తీగలా తాపీగా వుండదు, కరెంటు ఎలా ఆడిస్తే అలా ఆడుతుంది.

సినిమావాళ్లు ఎలా తప్పించుకున్నారు?

"మరి సినిమాల్లో ఇన్ని లైట్లు పెడతారు కదా, చారలు రావేం?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న!

పాత స్టూడియోలలో పెద్ద కార్బన్ ఆర్కు లైట్లకు డీసీ కరెంటు ఇచ్చేవారు. డీసీ వూగదు, అందుకని దీపమూ మిణకదు. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లే సృష్టించిన వెన్నెలను తలచుకోండి. లైట్లతో అల్లిన ఆ వెన్నెల ఈనాటికీ చెక్కు చెదరలేదు! తరవాత హెచ్.ఎం.ఐ. లైట్లు వచ్చాయి. వాటి పాత రకం చోకులతో మిణుకు సమస్యా వచ్చింది. ఎలక్ట్రానిక్ బాలాస్టులు వచ్చాక అది తీరింది.

కెమెరామన్లకు మరో రహస్యం కూడా తెలుసు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. కెమెరాలో తిరిగే చక్రంలాంటి షట్టరు మామూలుగా 180 డిగ్రీలు తెరుచుకుంటుంది. అప్పుడు ఒక్కొక్క ఫ్రేముకు 1/48 సెకను వెలుతురు అందుతుంది. మన 50 సైకిల్స్ దీపాలకు అది సరిపడదు. అందుకని షట్టరును 172.8 డిగ్రీలకు తగ్గిస్తారు. అప్పుడు సరిగ్గా 1/50! ప్రతి ఫ్రేముకూ రెండు పూర్తి మిణుకులు. ఏడు డిగ్రీల సర్దుబాటుతో సీను నిలబడుతుంది. డిజిటల్ వచ్చాక కూడా ఈ అంకె చావలేదు. కె.కె. సెంథిల్‌కుమార్ 'బాహుబలి' (2015)కి వాడిన ఏరీ అలెక్సా కూడా వరస వెంట వరస చదివే కెమెరానే. కాకపోతే అది చాలా వేగంగా చదువుతుంది, దాన్ని వాడే చేతికి దీపాల సంగతి తెలుసు.

స్టిల్ ఫోటోగ్రాఫర్ల కథ వేరు. హాలీవుడ్‌లో సెట్‌మీదే మాటలు రికార్డు చేసేవారు కాబట్టి, స్టిల్ కెమెరాను 'బ్లింప్' అనే మెత్తటి పెట్టెలో దాచి తీసేవారు. మన దగ్గర తరవాత డబ్బింగు చెప్పుకునే అలవాటు ఎక్కువ, అందుకని అంత అవసరం పడలేదు. ఇప్పుడు సింక్ సౌండ్ సినిమాలు వస్తున్నాయి, స్టిల్స్ తీసేవాళ్లకు సైలెంటు షట్టరు వరమైంది. సెట్‌లో దీపాలు మంచివి కాబట్టి అక్కడ చెల్లుతుంది. అదే ధైర్యంతో కల్యాణమండపానికి వస్తేనే కథ అడ్డం తిరుగుతుంది!

స్టేజీమీద మరో తంటా

"1/100 పెట్టినా చారలు వచ్చేయి" అని కొందరు కుర్రాళ్లు అంటుంటారు. అదీ నిజమే. స్టేజీమీద రంగురంగుల ఎల్.ఇ.డి. లైట్ల వెలుగు తగ్గించాలంటే, వాటిని క్షణంలో ఎన్నోసార్లు ఆర్పి వెలిగిస్తారు. కొన్ని సెకనుకు వందల సార్లు, కొన్ని వేల సార్లు. వాటికి మన 50 సైకిల్స్ లెక్క పనిచేయదు. ప్రీ రిలీజ్ ఫంక్షన్లలో హీరోగారి వెనక నిలబెట్టే ఎల్.ఇ.డి. తెర కూడా అంతే. అదీ వరసలుగా వెలుగుతుంది. ఆ తెర ముందు వేగం పెంచితే మెకానికల్ షట్టరుతో కూడా పట్టీలు పడవచ్చు. అక్కడ వేగం తగ్గించడం ఒక్కటే దారి. కొన్ని కొత్త కెమెరాలలో షట్టరు వేగాన్ని చిన్నచిన్న మెట్లలో మార్చి చార మాయమయ్యే చోట ఆపుకోవచ్చు, పాత రేడియోలో స్టేషను పట్టినట్టు!

జాతర లైట్లు జనరేటరుమీద నడిస్తే ఇంకో గమ్మత్తు. జనరేటరు అలసిపోతే 50 సైకిల్స్ కాస్తా అటూ ఇటూ అవుతాయి. 1/100 దగ్గర కూడా లేత చార కనిపించవచ్చు.

అమెరికా అన్నయ్య తెచ్చిచ్చిన కెమెరా వుందా మీ దగ్గర? అక్కడ కరెంటు 60 సైకిల్స్. కెమెరా ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో వుండి, వీడియో 1/60లో తీస్తే మన ట్యూబులైటు కింద బొమ్మ అలలు అలలుగా వూగుతుంది. మెనూలో పి.ఎ.ఎల్.కు మార్చి 1/50 పెట్టండి. అన్నయ్యమీద కోపం పోతుంది!

డబ్బుంటే రోగం లేదు

సెన్సారు చదివే వేగం పెరిగితే చారలు తగ్గుతాయి. 2017లో సోనీ ఎ9 వచ్చింది. అది బొమ్మ మొత్తాన్ని సెకనులో సుమారు 150వ వంతులో చదివేస్తుంది. 2021లో నికాన్ జెడ్9 అయితే మెకానికల్ షట్టరునే తీసేసింది! అంత వేగం దాని సెన్సారుకు. 2023 నవంబరులో ప్రకటించిన సోనీ ఎ9-3 ఇంకో అడుగు ముందుకేసింది. దానిలో వరసల పద్ధతే లేదు. సెన్సారు మొత్తం ఒక్కసారే తెరుచుకుని ఒక్కసారే మూసుకుంటుంది. సాంబారు ఒకే క్షణంలో అన్ని విస్తళ్లలోనూ! దీన్నే గ్లోబల్ షట్టరు అంటారు. పట్టీలుండవు, ఒక ఫోటోకూ మరో ఫోటోకూ వెలుగు తేడా రావడం మాత్రం వుంటుంది.

ఇవన్నీ లక్షల్లో ధర పలికే సరుకు. చీపురుపల్లి స్టూడియోకు అంత అప్పు ఎవరిస్తారు?

బాబాయి అప్పుడు అసలు సంగతి చెప్పాడు. మిర్రర్‌లెస్ కొన్న కొత్తలో ఒక పెళ్లికి వెళ్లాడు. పంతులుగారి మంత్రాలకు అడ్డం రాకూడదని మర్యాదగా సైలెంటు పెట్టాడు. తలంబ్రాల బియ్యం గాలిలో ఆగాలని వేగం పెంచాడు. మామూలు కెమెరాలలో ఎలక్ట్రానిక్ షట్టరుకు ఫ్లాషు కలవదు కదా, మండపం లైట్లనే నమ్ముకున్నాడు. ఇంటికొచ్చి కంప్యూటరులో చూస్తే పెళ్లికూతురి ముఖంమీద చారలు! చిన్న తెరమీద కనిపించనిది పెద్ద తెరమీద బయటపడింది.

"రావలసిన డబ్బు వొదిలీసేను. తీసుకున్న అడ్వాన్సూ ఇచ్చీసేను. డబ్బు పోతే మళ్లీ వొస్తాది. ఆ పిల్ల 'నా తలంబ్రాలు మళ్లీ పోస్తారా బాబాయ్?' అనీసింది. ఆ మాటకి నా కాడ జవాబు లేదు."

ఆ రోజునుంచి ఆయన పద్ధతి ఇది. ఏ మండపానికి వెళ్లినా ముందు నాలుగు ఫోటోలు తీస్తాడు. కూర్చున్న చోట పెద్దది చేసి చూస్తాడు. ఆ తరవాతే పెళ్లికొడుకు వైపు తిరుగుతాడు. దానికి పట్టేది రెండు నిమిషాలు.

మీరూ ఇంట్లో చూడవచ్చు. సెల్‌ఫోన్లలో దాదాపు అన్నిటికీ వున్నది ఎలక్ట్రానిక్ షట్టరే. రాత్రి మీ ఇంటి బల్బు కింద స్లోమోషన్‌లో ఒక వీడియో తీయండి. బల్బు గుప్పుగుప్పుమంటే అది మిణికే రకం. నిలకడగా వుంటే మంచి రకం. రీల్సు తీసే మిత్రులు ఈ పరీక్ష చేసి బల్బు కొనుక్కుంటే సగం బాధ తీరుతుంది.

రెండో రాత్రి

జాతర ఒక్క రాత్రితో ముగిసేది కాదు కాబట్టి నాకు మరో అవకాశం దొరికింది. మళ్లీ వెళ్లాను. మెకానికల్ షట్టరు, యాంటీ ఫ్లికర్ ఆన్, వేగం 1/500. బాబాయి చెప్పినట్టు ముందు నాలుగు ఫోటోలు తీసి, పెద్దవి చేసి చూశాను. పట్టీలు లేవు. అప్పుడు తాత వైపు తిరిగాను.

నా కెమెరా 'టక్ టక్ టక్'మంది. తప్పెట్ల మోతలో అది నాకే వినపడలేదు!

తాత ఆ రాత్రి ముందురోజంత ఎత్తు ఎగరలేదు. మోకాలికి గుడ్డ కట్టుకున్నాడు. అయినా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గజ్జెలన్నీ ఘల్లుమనేలా లేచాడు. ఆ ఫోటో వచ్చింది. నుదుటిమీద చెమట తప్ప చార లేదు.

అక్కడే నిలబడి చెన్నై నంబరుకు పంపించాను. అయిదు నిమిషాల్లో తాత జేబులో ఫోను మోగింది. అవతల మాటలు నాకు వినపడలేదు. తాత మాత్రం మీసం దువ్వుకుంటూ, అందరికీ వినపడేలా అన్నాడు:

"ఆఁ... నానేరా! మీ అయ్యే! సారల్లేవు కదేటి?"